వార్త నడచు త్రోవ
(గోల్‌మురిలో జరిగిన మన సంఘ వార్షిక సభయందు చేసిన ప్రసంగపాఠము)



సాంస్కృతిక సంఘపు సభలో హరికథయో, పద్యనాటకమో, అవధానమో ఉండుట పరిపాటి. వాని నడుమ తీగలను గూర్చియు సంకేతములను గూర్చియు ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. కాని సొంత ఊరు విడిచి దూరదేశమున బ్రతుకు మనబోంట్లకు వార్తకంటె ముఖ్యమైన వస్తువేది? శ్రీకాకుళము, విశాఖపట్టణము మొదలైన జిల్లాలనుండి మన పెద్దలు ఖరగపురము మీదుగా రైలులో టాటానగరము చేరిరి. కొందరు ఉక్కు కర్మాగారములో కుదిరిరి. కొందరు 1922 లో ఈ గోల్‌మురిలో ఉత్పత్తి ఆరంభించిన టిన్‌ప్లేటు కంపెనీలోను, ఇచ్చటనే 1920 లో స్థాపింపబడిన ఇండియన్ కేబుల్ కంపెనీలోను చేరిరి. మరికొందరు రైల్వేలోను, తంతి తపాలా శాఖలోను, ఇతర కేంద్ర ప్రభుత్వ శాఖలలోను కొలువునకు వచ్చిరి. వీరందరికిని ఊరితో గల సంబంధము ఆ దినములలో ఒక పోస్టుకార్డు. ఆపద వచ్చినచో ఒక తంతి. కొంత కాలము గడచిన పిదప ఒక ట్రంకుకాలు. నేడు అరచేతిలోని ఫోనులో పలాసలో నున్న అమ్మమ్మకు మనుమరాలి ముఖము కనబడుచున్నది.

సాధనములు ఇట్లు మారినవి గాని, వార్త ఒక చోటినుండి మరియొక చోటికి చేరుటకు వలసిన నియమములు మారలేదు. అవి నాలుగైదు మాత్రమే. పెద్ద గణితము జోలికి పోక, మన ఇండ్లలోను మన ఊరిలోను ఉన్న సంగతులతోనే వానిని వివరింప యత్నించెదను. ఆ నియమములు మన తెలుగు అక్షరమును గూర్చి ఏమి చెప్పుచున్నవో చివర మనవి చేసెదను. నిజమునకు ఈ విషయమును ఎన్నుకొనుటకు కారణము అదియే.

మొదటి ప్రశ్న: సంకేతమనగా నేమి?

కర్మాగారపు సైరను సంగతి తీసికొనుడు. అందులో మాట లేదు, అర్థము లేదు, వట్టి కూత. అయినను అది వినగానే ఇంటి ఇల్లాలు షిఫ్టు మారినదని తెలిసికొని పొయ్యిమీద ఎసరు పెట్టును. ఈ వార్త ఎక్కడనుండి వచ్చినది? నిశ్శబ్దము కూతగా మారుటలోనుండి వచ్చినది. ఎల్లప్పుడును మ్రోగుచునే యుండు సైరను ఏ వార్తయు చెప్పజాలదు. ఎన్నడును మ్రోగని సైరనును అంతే. మార్పు ఉన్నచోటనే సంకేతము గలదు. ఒక స్థితికిని మరియొక స్థితికిని గల భేదమును ఆవలివాడు గుర్తుపట్టగలిగినప్పుడు ఆ భేదమే సంకేతమగును.

అయితే భేదము ఒక్కటియే చాలదు. నిన్ననే ఈ పట్టణమునకు వచ్చిన చుట్టము ఆ కూతను మనవలెనే వినును గాని, దాని భావము అతనికి తెలియదు. అది ఎప్పుడు కూసిన ఏమి అర్థమో ముందుగా ఏర్పాటు ఉండవలెను. ఆ ఏర్పాటు పంపువానికిని అందుకొనువానికిని సమానముగా తెలిసియుండవలెను. రెండు కొసలకును తెలిసిన ఈ ఒడంబడికనే మనము సంకేతభాష అందుము. తీగ ఎంత మంచిదైనను, యంత్రమెంత ఖరీదైనదైనను, ఈ ఒడంబడిక లేనిచో చేరునది చప్పుడే గాని వార్త కాదు.

పాత రైలు సిగ్నలు స్తంభమునందు మరియొక సూక్ష్మమున్నది. దాని చేయి అడ్డముగా నున్నచో ఆగుము. క్రిందికి వాలినచో పొమ్ము. 'సిగ్నలు పడినది' అని మనవారు అనుట దానివలననే. ఆ చేతిని లాగు తీగ నడుమ తెగినచో ఏమగును? చేతికి కట్టిన బరువు దానిని మరల అడ్డముగా నిలుపును. అనగా తీగ తెగినను, రైలు ఆగునేగాని ప్రమాదములోనికి పోదు. వార్త రాకపోవుట కూడ ఒక వార్తయే. దానికి కూడ ముందుగా ఒక అర్థము నిర్ణయించియుంచుట బుద్ధిమంతుల లక్షణము.

ఇక విద్యుత్తు తీగల విషయమునకు వత్తము. మన దేశములో ఓషాగ్నెసీ అను వైద్యుడు 1839 లో కలకత్తా సమీపమున తంతి ప్రయోగములు చేసెను. 1854 మార్చిలో ఆగ్రానుండి కలకత్తాకు, సుమారు 800 మైళ్ళ దూరము, మొదటి తంతి నడచెను. తీగలో విద్యుత్తు ఉండుట, లేకుండుట: ఈ రెండే భేదములు. కొంచెము సేపు ఉన్నచో చుక్క. ఎక్కువ సేపు ఉన్నచో గీత. ఈ చుక్కలతోను గీతలతోను ఇంగ్లీషు అక్షరములన్నిటికిని గుర్తులు ఏర్పరచిరి. ఇందులో ఒక పొదుపు చూడదగినది. ఇంగ్లీషులో మాటిమాటికి వచ్చు 'ఇ' అక్షరమునకు ఒకే చుక్క, 'టి' అక్షరమునకు ఒకే గీత. అరుదుగా వచ్చు 'క్యూ'వంటి వానికి నాలుగేసి గుర్తులు. తరచుగా వాడుకొను పాత్రలను చేతికందు అలమారులోను, పండుగకు మాత్రము తీయు గంగాళమును అటకమీదను పెట్టు గృహిణి చేయు పనియు ఇదియే.

ఇంతకంటె గొప్ప పొదుపు శుభాకాంక్షల తంతులలో నుండెను. దీపావళికి, వివాహమునకు, పరీక్షలో ఉత్తీర్ణతకు వాక్యములను ముందుగా తయారుచేసి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క సంఖ్య నిచ్చియుండిరి. మనము తంతి కచేరిలో సంఖ్య చెప్పిన చాలును. తీగమీద నడచినది ఆ సంఖ్యయే. ఆవలి కచేరిలో గుమాస్తా పట్టిక చూచి వాక్యమంతయు వ్రాసి యిచ్చెడివాడు. అక్షింతలతోపాటు పెండ్లికూతురు చేతికి వచ్చిన ఆ ఆశీర్వాదవాక్యము ఏ తీగమీదను ప్రయాణము చేయలేదన్నమాట! అది రెండు కచేరీలలోను ముందే ఉన్నది. పట్టిక రెండు చోట్లను ఒకటే అయినచో ఒక అంకె చాలును. పట్టిక ఒక చోట లేనిచో ఆ అంకె వట్టి అంకెయే. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. దీనితో చివర పని యున్నది. 2013 జూలైలో మన దేశమున తంతి సేవ ముగిసినది. ఆ నియమము ముగియలేదు.

తీగవలన వచ్చు కష్టములు మూడు. ఇండియన్ కేబుల్ కంపెనీ కార్ఖానాలో ఉత్పత్తి నిలిచిపోయి సుమారు పాతికేండ్లయినది. అయినను తీగనుండి విద్యుత్తు వెలికి కారిపోకుండ చుట్టు తొడుగు ఎంత అవసరమో ఆ కార్ఖానాలో పని చేసిన కుటుంబములకు నేను చెప్పనక్కరలేదు. ఎంత మంచి తొడుగు వేసినను దూరము పోయినకొలది సంకేతము బలము తగ్గును. ఇది మొదటి కష్టము. త్రోవలో ఇతర తీగల ప్రభావము, మెరుపులు, యంత్రముల రొద వచ్చి దానిలో కలియును. ఇది రెండవది. మూడవది అంత సులభముగా కంటికి కనబడదు. మన పల్లెలలోని పంటకాలువను స్మరింపుడు. తూము దగ్గర తలుపు ఎత్తిన క్షణముననే కాలువ చివరి పొలమున నీరు పెరుగదు, మెల్లగా పెరుగును. తలుపు దింపిన క్షణముననే తగ్గదు, మెల్లగా తగ్గును. తూము దగ్గర గబగబ ఎత్తుచు దింపుచు నున్నచో, చివరి పొలమువానికి ఆ ఎత్తుదింపులు ఏమియు తెలియవు. ఒకే తీరున పారు నీరు మాత్రము కనబడును. పొడుగుపాటి తీగలో విద్యుత్తు నడకయు ఇంచుమించుగా ఇట్లే యుండును. చుక్కలు పరచుకొని గీతలతో కలిసిపోవును.

ఈ సంగతి తెలియక 1858 లో గొప్ప నష్టము వాటిల్లెను. అట్లాంటికు సముద్రగర్భమున ఐర్లండునుండి న్యూఫౌండ్లండునకు తీగ వేసిరి. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షునకు పంపిన నూరు మాటలైన లేని సందేశము దానిపై నడచుటకు సుమారు 16 గంటలు పట్టెను. సంకేతము సరిగా అందుట లేదని, దానికి విద్యుద్బలము హెచ్చించిన సరిపోవునని తలచి, వైట్‌హౌస్ అను అధికారి సుమారు 2,000 వోల్టులు ప్రయోగించెను. కొన్ని వారములలోనే తీగ మూగవోయెను. విలియం థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు, తరువాత కెల్విన్ ప్రభువు, వేరు త్రోవ చూపెను. బిగ్గరగా అరచుట విడిచి, మెల్లని మాటను వినగల చెవిని తయారుచేయవలెననెను. అతి స్వల్పమైన విద్యుత్తునకు కదలు చిన్న అద్దము, దానిమీదినుండి గోడపై పడు కాంతిరేఖ అతని సాధనము. 1866 లో వేసిన తీగ నిలిచినది. చెవిటివానితో అరచి మాటలాడుటకంటె దగ్గరకు పోయి స్పష్టముగా పలుకుట మేలని మన పెద్దలకు తెలియనిది కాదు.

టెలిఫోను వేరు జాతికి చెందినది. టిన్‌ప్లేటు కర్మాగారము ఉన్న ఊరిలో డబ్బాలకు కొదువ లేదు. రెండు డబ్బాల అడుగున రంధ్రము చేసి దారము కట్టి, బిగువుగా లాగి, ఒక పిల్ల ఒక కొసన మాటలాడగా మరియొక పిల్ల రెండవ కొసన వినుట మీరందరును చూచినదే. ఇచ్చట చుక్కలును లేవు, గీతలును లేవు. గొంతు ఎట్లు కంపించునో డబ్బా అడుగు అట్లే కంపించును. దారమును అట్లే కంపించును. టెలిఫోనులో దారమునకు బదులు విద్యుత్తు అదే విధముగా హెచ్చుచు తగ్గుచుండును. మాటకు అచ్చముగా దాని నీడవంటి సంకేతమిది. దీనికి వంక పెట్టలేము గాని ఒక లోపమున్నది. దూరమున బలము తగ్గినదని నడుమ యంత్రము పెట్టి పెంచినచో, మాటతోపాటు త్రోవలో కలిసిన రొదయు పెరుగును. ఏది మాటయో ఏది రొదయో ఆ యంత్రమునకు తెలియదు. నాటి ట్రంకుకాలులో వీధివారందరికిని వినబడునట్లు మనము అరచుటకు ఇది ఒక కారణము.

దీనికి విరుగుడు మరల తంతియొద్దనే దొరికినది. రెండే భేదములు గల సంకేతములో ఒక గొప్ప సుగుణమున్నది. 'ఉన్నది', 'లేదు' అను రెండు మాత్రమే వచ్చునని ముందుగా తెలిసినప్పుడు, నడుమనున్న యంత్రము మాసిన గుర్తును పెంచి పంపనక్కరలేదు. అది ఉన్నదియో లేదో నిర్ణయించి, మరల సరిక్రొత్తగా, మొదటి స్టేషనునుండి బయలుదేరినంత శుభ్రముగా పంపవచ్చును. మాసిన చిత్తుప్రతిని చూచి శుద్ధప్రతి వ్రాయుటవంటిది ఈ పని. ఇట్లు పదిచోట్ల చేసినను, ప్రతిచోటను సరిగా గుర్తించినంతకాలము, వార్త మాయదు.

మరి మాటను 'ఉన్నది, లేదు'లుగా మార్చుట ఎట్లు? ఒక ఆట చెప్పెదను. ఎనిమిది వీధులు గల కాలనీలో ఒక వీధిని నేను మనస్సులో తలచుకొందును. మీరు అవును, కాదు అను జవాబులు వచ్చు ప్రశ్నలు మాత్రమే వేయవలెను. మొదటి నాలుగింటిలోనిదా అని అడిగినచో సగము తొలగును, మరల సగము, మరల సగము. మూడు ప్రశ్నలలో వీధి దొరకును. 256 వీధులైనను ఎనిమిది ప్రశ్నలు చాలును. ఇట్టి ఒక అవును-కాదు జవాబునే 'బిట్టు' అందురు. వార్తకు ఇది కొలత. బియ్యమునకు సేరు, గుడ్డకు గజము ఉన్నట్లే వార్తకును కొలత ఉండవచ్చునని 1948 లో క్లాడ్ షానన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక మహావ్యాసములో నిరూపించెను.

టెలిఫోను మాటను సెకనునకు 8,000 సార్లు కొలుతురు. ప్రతి కొలతయు 256 మెట్లలో ఏ మెట్టున నున్నదో చూచి, దానిని ఎనిమిది బిట్లతో వ్రాయుదురు. 8,000 ను ఎనిమిదితో గుణించినచో సెకనునకు 64,000 బిట్లు. మీ పలుకు అంతయు ఈ సున్నలు, ఒకట్ల వరుసగా పోయి, ఆవల మరల పలుకై లేచును. పలుకు, పాట, చిత్రము, చలనచిత్రము ఏదైనను ఒక్కసారి బిట్లుగా మారినతరువాత తీగకు వానిలో తేడా లేదు. గూడ్సు బండికి బొగ్గును ఉక్కును సమానమైనట్లే.

ఒక త్రోవమీద సెకనునకు ఎన్ని బిట్లు పోగలవు? దీనికి ఒక హద్దు గలదని షానన్ చూపెను. ఆ హద్దు రెంటిమీద ఆధారపడును: త్రోవ ఎంత వెడల్పైనది, రొదకంటె సంకేతము ఎన్ని రెట్లు బలమైనది. వెడల్పు అనగా ఎంత త్వరితములైన కంపనములను ఆ త్రోవ మోయగలదని అర్థము. సెకనునకు సుమారు 3,000 కంపనముల వెడల్పు గల టెలిఫోను తీగమీద, రొదకంటె సంకేతము 1,000 రెట్లు బలముగా నున్నచో, హద్దు సుమారు 30,000 బిట్లు. దీనిని రెండింతలు చేయగోరి బలమును మాత్రమే పెంచినచో, 1,000 రెట్లు చాలవు. 10 లక్షల రెట్లు కావలెను. త్రోవ వెడల్పును రెండింతలు చేసి, సంకేతమునకు రొదకు గల ఆ నిష్పత్తిని నిలుపుకొన్నచో అంతటి శ్రమ లేదు. 1858 లో సముద్రగర్భమున నేర్చిన పాఠమే 1948 లో సూత్రమైనది.

వార్త చేరుట ఒక ఎత్తు. తప్పు లేకుండ చేరుట మరియొక ఎత్తు. వేసవి సెలవులకు ఊరు పోవు సంసారమును చూడుడు. టాటానగరములో బండి ఎక్కునప్పుడు ఇంటి యజమాని మూటలు లెక్కించి 'ఏడు' అనును. దిగినపిమ్మట మరల లెక్కించును. ఆరైనచో ఏదియో పోయినదని తెలియును. యంత్రములును ఇట్లే చేయును. బిట్ల గుంపులో ఎన్ని ఒకట్లు ఉన్నవో లెక్క చూచి, ఆ లెక్కనుగూర్చి ఒక గుర్తును వెంట పంపును. ఆవల లెక్క కుదరనిచో గుంపు చెడినదని తెలియును. కాని మన మూట ఒకటి మరచి, ఎవరిదో మూట ఒకటి దింపుకొన్నచో లెక్క కుదురును, మోసము జరుగును! అందువలన మూటలను వరుసలుగా పేర్చి, అడ్డముగా ఒక లెక్క, నిలువుగా ఒక లెక్క చూతురు. ఏ అడ్డవరుసలో తప్పు వచ్చినదో, ఏ నిలువువరుసలో తప్పు వచ్చినదో తెలిసినచో, ఆ రెండును కలియుచోట నున్న బిట్టే దోషి. దోషి సున్న అయినచో ఒకటిగా, ఒకటి అయినచో సున్నగా మార్చిన సరిపోవును. తప్పును పట్టుటయే గాక దిద్దుటకును వీలైన ఇట్టి ఉపాయములను 1950 లో రిచర్డ్ హామింగ్ ప్రకటించెను.

దిద్దుటకు వీలు లేనప్పుడు మరల అడుగవలసినదే. 'క్షేమముగా చేరితిమి' అను కార్డు కొరకు మన ఇండ్లలో ఎట్లు ఎదురుచూచెడివారు? వారము దాటినను రానిచో మరల వ్రాసెడివారు. నేటి కంప్యూటరు జాలములలో ఈ చేరిక కార్డులు క్షణక్షణమునకు నడచుచున్నవి. మీ మనుమని ఫొటో ఒకటి 20 లక్షల బైట్లు, అనగా 160 లక్షల బిట్లు ఉన్నదనుకొందము. అది ఒకే మూటగా పోదు. సుమారు 1,400 తునకలై పోవును. ప్రతి తునకపైనను పంపువాని చిరునామా, చేరవలసినవాని చిరునామా, వరుససంఖ్య ఉండును. ఒక తునక ఒక త్రోవను, మరియొకటి వేరొక త్రోవను పోవచ్చును; పదవది ముందుగా, మూడవది వెనుకగా చేరవచ్చును. ఆవలి యంత్రము సంఖ్యలనుబట్టి పేర్చుకొని, అందినవానికి రసీదు పంపును. రసీదు రాని తునకను ఈవలి యంత్రము మరల పంపును. నడుమ ఒక త్రోవ తెగినను మిగిలిన త్రోవలు పని చేయుచునే యుండును.

త్రోవలు ఏవేవి యని అడిగినచో, సంగ్రహముగా చెప్పెదను. తీగ లేకయే వార్త పంపవచ్చునని 1895 లో కలకత్తా టౌన్‌హాలులో జగదీశచంద్ర బోసుగారు విద్యుదయస్కాంత తరంగములతో దూరమున గంట మ్రోగించి చూపిరి. మీడియం వేవు రేడియో కేంద్రములు పగలు దగ్గరవారికే వినబడి, రాత్రివేళ వందల మైళ్ళు వినవచ్చుట పూర్వము రేడియో చుట్టు కూర్చుండిన పెద్దలకు అనుభవమే. పగలు ఎండవలన ఏర్పడి ఆ తరంగములను మ్రింగివేయు ఒక వాయుపొర రాత్రి అణగిపోవును. దానికి పైనున్న పొర అద్దమువలె వానిని మరల భూమికి త్రిప్పును. భూమిపై సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలుకడగా కనబడు ఉపగ్రహము మీదుగా మాట పోయి వచ్చుటకు పావు సెకను పట్టును. ఇప్పుడు భారమెక్కువగా మోయుచున్నది తలవెండ్రుకవంటి గాజుపోగు. దానికి అర్హతగల గాజును చేయవచ్చునని 1966 లో వాదించిన చార్లెస్ కావోకు 2009 లో నోబెలు బహుమతి వచ్చినది. మంచి గాజుపోగులో కాంతి కిలోమీటరునకు నూటికి అయిదు పాళ్ళు మాత్రమే తగ్గును. అందులో కాంతి సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును గాన, వెయ్యి కిలోమీటర్ల దూరమున నున్న మన ఊరికి వార్త చేరుటకు సెకనులో 200 వ వంతు చాలును.

ఇంతవరకు యంత్రముల మాట. ఇప్పుడు మన అక్షరముల మాట.

తంతిలో తెలుగు అక్షరములకు చోటు లేకుండెను. ఇంగ్లీషులో వ్రాయవలెను, లేదా తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో కూర్చవలెను. అట్లు కూర్చుటలో వచ్చు చిక్కును ఒక ఉదాహరణముతో చూపెదను. కే-ఏ-ఎల్-ఎల్-యు అను అయిదు అక్షరములను చదువుడు. ఒకరికి అది కళ్ళు, మరియొకరికి కాళ్ళు, వేరొకరికి కల్లు! నాన్నగారికి కళ్ళు బాగుగా లేవనియా, కాళ్ళు బాగుగా లేవనియా? ఊరినుండి వచ్చిన ఒక ముక్కను పట్టుకొని కొడుకు కంటి వైద్యుని విచారింపవలెనా, ఎముకల వైద్యుని విచారింపవలెనా? ళకారమునకు లకారమునకు గల భేదము, దీర్ఘమునకు హ్రస్వమునకు గల భేదము పంపునప్పుడే పోయినవి. ఈవల నిలిచియున్న వాక్యమునుబట్టి ఊహింపవచ్చునే గాని, పోయిన భేదమును ఏ యంత్రమును మరల పుట్టింపజాలదు. షానన్ శాస్త్రమునుండి తేలిన కఠోరసత్యములలో ఇది ఒకటి: పంపుకొసన పారవేసిన భేదము అందుకొసన తిరిగి రాదు.

కంప్యూటర్లు వచ్చిన తొలిదినములలో వేరొక చిక్కు. తెలుగు అక్షరములను ఒక్కొక్కరు ఒక్కొక్క సంఖ్యాపట్టికతో తయారుచేసిరి. ఒకరి పట్టికతో వ్రాసిన ఉత్తరము వేరొకరి యంత్రములో తెరచినచో పిచ్చిగీతలు కనబడెడివి. బిట్లన్నియు తప్పు లేకుండ చేరెను, వార్త చేరలేదు. 1991 లో యూనికోడు అను అంతర్జాతీయ పట్టిక వెలువడినది. అందులో తెలుగునకు 128 గదుల స్థానము కేటాయింపబడినది. ళకారమునకు ఒక సంఖ్య, లకారమునకు ఒక సంఖ్య, పొల్లునకు ఒక సంఖ్య. నేడు టోకియోలో వ్రాసిన 'ళ' గోల్‌మురిలో 'ళ'గానే తెరచుకొనుచున్నది.

ఇందుకు కొంత మూల్యము చెల్లింపవలసియున్నది. 'అమ్మ' అను మాటలో అకారము, మకారము, పొల్లు, మరల మకారము: నాలుగు సంఖ్యలు. జాలములలో సాధారణముగా వాడు పద్ధతిలో ఒక్కొక్కటి 24 బిట్లు. వెరసి 96 బిట్లు. అదే మాటను నాలుగు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినచో 32 బిట్లు. ఫోనులో పంపు చిన్న సందేశములో ఇంగ్లీషు అక్షరములు 160 పట్టును. తెలుగులో వ్రాసినచో 70 మాత్రమే పట్టును. ఒకప్పుడు మాటకు ఇంతయని లెక్కకట్టి తంతి పంపిన దినములలో ఇది పెద్ద ఖర్చే అయియుండెడిది. గాజుపోగు వచ్చిన ఈ కాలమున 96 బిట్లు లెక్కలోనికి రావు. కనుక ఖర్చు భయముతో ఇంగ్లీషు అక్షరములలో తెలుగు వ్రాయవలసిన అవసరము తీరిపోయినది. అయినను వ్రాయుచున్నాము. ఏల?

కారణము తీగలో లేదు. మన పిల్లలలో తెలుగు చక్కగా మాటలాడువారున్నారు. హిందీ, ఇంగ్లీషు చదువుల నడుమ తెలుగు అక్షరములు నేర్చుకొనుటకు అవకాశము లేనివారున్నారు. అది వారి తప్పు గాదు. కాని మొదట చెప్పిన శుభాకాంక్షల తంతిని జ్ఞాపకము చేసికొనుడు. పట్టిక రెండు కొసలలోను ఉండవలెను. పలాసలోనో టెక్కలిలోనో అమ్మమ్మ వ్రాసిన నాలుగు పంక్తులు క్షణములో, ఒక్క బిట్టు చెడకుండ, ఈ ఊరి ఫోనునకు చేరుచున్నవి. ఫోనులో పట్టిక ఉన్నది. ఫోను పట్టుకొన్న చేతికి ఆ పట్టిక లేదు. నూటయేబది ఏండ్లకు పైగా శాస్త్రజ్ఞులు సముద్రములు దాటించి, రొదను ఓడించి, తప్పులను దిద్ది తెచ్చిన వార్త, చిట్టచివరి జానెడు దూరములో, అద్దమునకును కంటికిని నడుమ, ఆగిపోవుచున్నది.

మాటలాడుకొనుచున్నాము గదా, ముఖములు చూచుకొనుచున్నాము గదా, అక్షరమెందులకని ఒక ప్రశ్న వచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. మాటకు రెండు కొసలవారును ఒకే వేళ మేలుకొనియుండవలెను. వ్రాతకు ఆ నియమము లేదు. తాతగారు వ్రాసి పెట్టెలో దాచిన ఉత్తరము ఆయన పోయిన ఇరువది ఏండ్లకు కూడ అందుకొనువానికొరకు వేచియుండును. కాలమును దాటించు సంకేతము వ్రాత. అందుకొనువానికి అక్షరము రానిచో ఆ ఉత్తరము, ఎన్నాళ్ళు వేచినను, చేరని తంతియే.

ఈ లోపమును సవరించుటకు ప్రభుత్వ ఉత్తరువులు అక్కరలేదు, పెద్ద ధనము అక్కరలేదు. ఒక పద్ధతి మనవి చేయుచున్నాను. మన సంఘము ఆదివారము ఒక గంట అక్షరములకై కేటాయింపవచ్చును. ఇంటిలో పెద్దలు వారమునకు ఒక పంక్తి తెలుగులో పిల్లల ఫోనునకు పంపి, దానికి తెలుగులోనే జవాబు అడుగవచ్చును. మొదట అది తప్పులతో వచ్చును. దిద్ది మరల పంపుడు. రసీదు రానిచో మరల వ్రాయుడు. తప్పులను లెక్కలో పెట్టుకొని ముందుకు నడచుటకు జాలములు కనిపెట్టిన ఉపాయము ఇదియేనని ఇంతకుముందే విన్నారు. ఏబదియారు అక్షరములును, వాని గుణింతములును, పట్టుదలగల పిల్లవానికి ఒక వేసవి పని.

శాస్త్రమును పెద్ద మాటలతో చెప్పక మీకు అందునట్లు చెప్ప యత్నించితిని. ఇంటికి పోగానే ఒక్క పంక్తి తెలుగులో ఎవరికైనను వ్రాయుదురని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.